పిడికిలి విప్పేదాకా

మా నాయన చనిపోయినప్పుడు మట్టికి రాని మనిషి ఒకడున్నాడు. అతని మీది కోపాన్ని నేను అప్పటినుంచీ ఊరగాయ జాడీని కాపాడుకున్నట్టు తడి తగలకుండా, మూత తీయకుండా దాచుకుంటూ వచ్చాను. పోయిన నెల ఆళ్లగడ్డ నుంచి అతని భార్య ఫోను చేసింది. పేరు మార్తమ్మ అంది. నేనెప్పుడూ చూడలేదు, అయినా నా పేరు తెలుసుకుని, చుట్టపు వరస కలుపుకుని, ఇరవయ్యేళ్లుగా మాట్లాడుకుంటున్నవాళ్లలాగే మొదలుపెట్టింది. "వదినా, మా ఇన్నాసప్పకు పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపాయ. మాట కూడా పాయ. ఈ నడుమ కొంచెం కొంచెం వస్తాండాది. నోరు తెరిస్తే చాలు, 'సారు' అంటాండాడు. మా ఈదిలో సార్లకు కొదవా? అందర్నీ ఒకరి తర్వాత ఒకర్ని పిలిపిస్తిమి. చూసి మొగం తిప్పుకుంటాండాడు. కడాకు మా ఆయప్ప చిన్నప్పుడు నంద్యాలలో చదివింది గుర్తొచ్చి, మీ నాయన అయ్యుంటాడేమోనని నీ నంబరు అడిగి తీసుకుంటి. సారు లేడని నాకు తెలుసు. నీవన్నా ఒకతూరి వచ్చిపో."

వస్తానని చెప్పి ఫోను పెట్టేశాక నా మీద నాకే విసుగేసింది. పెద్దాయనకు కడసారి పిడికెడు మన్ను వేయడానికి రానివాడికి, ఇప్పుడు మాట పడిపోయాక సారు కావలసి వచ్చాడా అనుకున్నాను. అయినా మరునాడు పొద్దున్నే బస్టాండుకు పోయి ఆళ్లగడ్డ బస్సెక్కాను. ఎందుకు పోతున్నానో నాకు బాగా తెలుసు. ఇన్నాసప్ప మా నాయనను తప్పు పట్టాడా లేదా అన్నది నాకు తెలియాలి. ఆ ఒక్క మాట తెలియకనే మా నాయన పోయాడు.

అప్పట్లో మేం నంద్యాలలో ఒక సన్నపు సందులో ఉండేవాళ్లం. రెండు గదుల ఇల్లు, నాపరాళ్లు పరిచిన నేల. ఎండాకాలం మధ్యాహ్నాల్లో మా అమ్మ ఆ రాళ్ల మీద నీళ్లు చల్లి తుడిస్తే ఒక చల్లటి మట్టివాసన లేచేది. మిగతా వేళల్లో ఇంటినిండా పత్తికట్టె పొగ, జొన్నరొట్టె కమురు వాసన, రోట్లో నూరిన చెనిక్కాయల ఊరుబిండి వాసన. మా సందు దాటితే ఒక హాస్టలు ఉండేది. గురువులు, అంటే ఫాదర్లు, కావాలనుకునే మా చర్చి ఊళ్ల పిల్లలు పెద్ద గురువిద్యాలయానికి పోయేముందు అక్కడ ఉండి చదువుకునేవాళ్లు. మా నాయన జోజప్ప వాళ్లకు లాటిన్ చెప్పే సారు. కోయిలకుంట్ల దిక్కు సేద్యగాళ్ల ఇంట పుట్టి, తానూ గురువు కావాలని చాలా దూరం చదివి, మా తాత హఠాత్తుగా పోతే చదువు వదిలి వచ్చి, మడక పట్టి, పెళ్లి చేసుకున్నాడు. ఆ చదువులో ఆయనకు మిగిలింది లాటిన్ ఒక్కటే. కొయ్యకు తగిలించిన పాత అంగీలాగా అది ఎందుకూ పనికిరాకుండా ఉండిపోయేదే, హాస్టలు వాళ్లు పిలిచి పని ఇవ్వకపోతే. ఆ పని దొరికిన రోజును తలచుకున్నప్పుడల్లా మా అమ్మ, "మీ నాయన పెండ్లినాడు కూడా అంత తెల్లగా నగలేదు" అనేది.

పొద్దున నీళ్లు పోసుకుంటూ చెంబుకొక ముక్క చొప్పున లాటిన్ ప్రార్థన చదివేవాడు. గంజి పెట్టిన పంచె కట్టి, జేబులో ఎండిన ఉసిరి ముక్కలు వేసుకుని బయలుదేరేవాడు. హాస్టలు వసారాలో గోనెపట్టాలు పరిచి పిల్లల్ని కూర్చోబెట్టేవాడు. ఆ వసారా వెనక వంటింటి గుమ్మం దగ్గర కందులు ఏరే పని ఉండేది. మా అమ్మ ఆ పనికి పోతే నేనూ వెంట పోయి, చేటలో చెయ్యి, చెవి మాత్రం వసారాలో పెట్టి కూర్చునేదాన్ని. అప్పుడు నాకు పదకొండో పన్నెండో ఉంటాయి.

పుస్తకంలో లాటిన్ నేర్పే పద్ధతి ఒకటుండేది. అది ఇంగ్లీషు పిల్లల కోసం రాసిన పుస్తకం. వాక్యం కనబడగానే అన్ని మాటల్నీ దాటేసి పోయి ఎక్కడో చివరన ఉన్న క్రియను పట్టుకోవాలి. ఆ తర్వాత వెనక్కి వచ్చి ఆ పని చేసిందెవరో వెతకాలి. మళ్లీ ముందుకు పోయి దేన్ని చేశారో చూడాలి. పెన్సిలుతో మాటల నెత్తిన ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేసుకుని, ఆ అంకెల వరసన ఇంగ్లీషులో చదువుకోవాలి. పిల్లలు వాక్యం మీద పేన్లు చూస్తున్నట్టు వెతుక్కుంటూ ఉండేవాళ్లు. మా నాయన కొన్నాళ్లు ఓర్చుకున్నాడు. ఒకరోజు పుస్తకం మూసి పక్కన పెట్టాడు.

"ఇదేం ఖర్మప్పా మనకు? నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు పోయేటోడు డోన్ మీద పోతాడా? లాటిన్ వాడు మన మాదిరే మాట్లాడతాడు. దేని గురించి చెప్తాండాడో దాన్ని ముందు పెడతాడు. ఏమైందో కడాన చెప్తాడు. మన అవ్వలు చెప్పరా, 'ఆ ఎద్దును మా చిన్నోడు సంతలో అమ్మేసె' అని? ఎద్దు ముందొచ్చిందని ఎద్దు చిన్నోన్ని అమ్మిందని ఎవురన్నా అనుకుంటారా? అందుకని వెతకొద్దు. గమ్మునుండి వినండి. ఒక మాట వస్తే ఒక వేలు మడచండి. ఇంకో మాట వస్తే ఇంకో వేలు. కడా మాట వచ్చేదాకా నోరు తెరవొద్దు. అది వచ్చినంక పిడికిలి విప్పండి. అప్పుడు మీకే తెలుస్తాది."

అలా మొదలైంది మా నాయన పిడికిలి చదువు. 'అగ్రుమ్' అనేవాడు. పొలాన్ని. అందరూ ఒక వేలు మడిచేవాళ్లు. 'అగ్రికొలా'. రైతు. ఇంకో వేలు. 'అరాత్'. దున్నుతాడు. పిడికిళ్లన్నీ ఒక్కసారి విచ్చుకునేవి. పొలాన్ని రైతు దున్నుతాడు. అవే మాటలు అటూ ఇటూ మార్చి, 'అగ్రికొలా అగ్రుమ్ అరాత్' అనేవాడు. రైతు పొలాన్ని దున్నుతాడు. దున్నేది రైతే, దున్నబడేది పొలమే. మారిందేమిటి అని అడిగేవాడు. మొదటి దాంట్లో మనం పొలం ముచ్చట చెప్పుకుంటున్నాం, రెండో దాంట్లో రైతు ముచ్చట. "పని ఎవురిదో మాట తోక చెప్తాది, 'అగ్రుమ్'కు 'ఉమ్' మాదిరి. ముచ్చట ఎవురిదో దాని తావు చెప్తాది. మొదటి పీట ఎవురికేస్తిమో, బంతి వాళ్లదే" అనేవాడు. చేటలోని కందుల మధ్య నేను కూడా వేళ్లు మడుచుకునేదాన్ని. ఆడపిల్లకు లాటిన్ ఎందుకని మా నాయన ఎప్పుడూ అనలేదు. ఇటు వచ్చి కూర్చోమని కూడా ఎప్పుడూ అనలేదు. ఆ రెండో సంగతి నాకు ఇప్పటికీ కొంచెం నొప్పిగానే ఉంటుంది.

ఆ పద్ధతి హాస్టలు దాటి మా ఇంట్లోకీ వచ్చింది. రాత్రి బువ్వ దగ్గర ఎవరేం చెప్పాలన్నా ముందు దేని గురించో చెప్పాలి, మిగతావాళ్లు చివరిదాకా ఆగాలి. మధ్యలో అందుకుంటే మా నాయన చెయ్యెత్తి ఆపేవాడు. "పూర్తి కానీ. వాడు ఏం చెప్తాడో నీకెట్ల తెలుసు?" అనేవాడు. మా అమ్మకు ఇదంతా మగవాళ్లు పనిలేక చేసే పనిగా కనబడేది. ఒకరోజు మూడోసారి సంగటి అడిగితే, "సంగటి గురించి: అయిపాయ" అని కుండ బోర్లించి చూపించింది. మా నాయన నవ్వి నవ్వి పొలమారి దగ్గాడు. లాటిన్ మా అమ్మకు వచ్చినట్టు హాస్టల్లో ఎవరికీ రాలేదని ఆ తర్వాత ఎన్నోసార్లు చెప్పుకున్నాడు.

వచ్చింది ఇన్నాసప్ప అన్నకు. ఆళ్లగడ్డ పక్క పల్లెనుంచి వచ్చిన పొడుగాటి పిల్లవాడు, అప్పటికే మీసం వస్తోంది. మామూలుగా మూడు మాటలు కలిపి మాట్లాడితే గొప్ప. కానీ మా నాయన పుస్తకంలోంచి ఒక పొడుగాటి వాక్యం చదువుతుంటే, ఒక చేతి వేళ్లు చాలక రెండో చేతి వేళ్లు కూడా మడుచుకుని, కళ్లు సగం మూసి కూర్చునేవాడు. వసారా అంతా ఊపిరి బిగబట్టేది. చివరి మాట పడగానే రెండు చేతులూ విప్పి, ఆ వాక్యాన్ని తెలుగులో చెప్పేవాడు. అది పాఠం అప్పగించినట్టుండేది కాదు, ఎవరో పెద్దమనిషి అరుగు మీద కూర్చుని జరిగిన సంగతి చెప్తున్నట్టుండేది. ఆదివారాలు మా ఇంటికి వచ్చి బావినుంచి నీళ్లు తోడిపోసి, బువ్వ తిని పోయేవాడు. మా నాయనకు నేను ఒక్కదాన్నే బిడ్డను. ఇన్నాసప్ప తింటుంటే ఆయన చూసే చూపు నాకు గుర్తుంది. తనకు అందకుండా పోయిన ఆ పై చదువుకు ఈ పిల్లవాడు పోతాడని ఆయన గట్టిగా నమ్ముకున్నాడు.

పై చదువుకు పోయే పరీక్ష వచ్చింది. కాగితాలు ఎక్కడినుంచో వచ్చి, ఎక్కడికో పోయి దిద్దించుకుని తిరిగొచ్చాయి. ఆ రోజు నేను మా నాయనకు మజ్జిగ చెంబు తీసుకుపోయాను. హాస్టలు పెద్ద ఫాదర్ వసారాలో కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నాడు. ఆయనది మన రాష్ట్రం కాదు, తెలుగు పుస్తకాల్లోంచి నేర్చుకున్నవాడు. చెడ్డవాడు కాదు. జ్వరం వచ్చిన పిల్లల దగ్గర రాత్రంతా కూర్చునే మనిషి. ఆయన ఒక కాగితం తీసి పైకి చదివాడు. లాటిన్‌ను ఇంగ్లీషులోకి మార్చమన్న చోట మా పిల్లలు పిడికిలి పట్టి, అర్థం చేసుకుని, ఆ మాటల్ని అదే వరసన ఇంగ్లీషులో పెట్టేశారు. 'ద ఫీల్డ్, ద ఫార్మర్ ప్లౌస్' అని. కాగితం నిండా అదే తీరు. ఇంగ్లీషులో మాటకు తోక లేదు, ఉన్నదల్లా తావే. అక్కడ తావు మారితే పని తారుమారవుతుందన్న సంగతి చెప్పడం మా నాయన మరిచిపోయాడు. ఆయన దృష్టి అంతా లాటిన్ మీదే ఉంది. పరీక్ష మాత్రం సగం ఇంగ్లీషుకు పెట్టారు.

"జోజప్పగారూ, పొలము రైతును దున్నుచున్నదా?" అన్నాడు పెద్ద ఫాదర్. కింది తరగతి పిల్లలు నవ్వారు. ఇప్పుడు ఆలోచిస్తే నాకూ నవ్వొస్తుంది, ఎందుకంటే మా సీమలో అదీ అబద్ధం కాదు. వాన తప్పిన ఏడు పొలమే రైతును దున్నుతుంది. కానీ ఆ రోజు మా నాయన ముఖం చూస్తే ఎవరికీ నవ్వు రాదు. పెద్ద ఫాదర్ ఇంకో మాట అడిగాడు, "ఈ వరుస మీకు ఎవరు నేర్పినారు?" అని. ఆ చదివిన కాగితం ఇన్నాసప్పది. అతను లేచి నిలబడి, తల దించుకుని, "సారు" అన్నాడు. మా నాయన వెంటనే, "నేనే ఫాదర్. తప్పు నాది, వాళ్లది కాదు" అన్నాడు. నా చేతిలోని మజ్జిగ చెంబు అలాగే ఉండిపోయింది.

ఇన్నాసప్ప పై చదువుకు పోలేదు. మరునాడు తెల్లవారేసరికి పెట్టె తీసుకుని వెళ్లిపోయాడు, మా ఇంటికి వచ్చి చెప్పలేదు. ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కే చోట రాళ్లకు నునుపు పట్టే పనిలో చేరాడని ఆ తర్వాత ఎవరో చెబితే తెలిసింది. మా నాయనను ఎవరూ వెళ్లగొట్టలేదు. వచ్చే ఏటినుంచి హాస్టలు ధాన్యపు కొట్టు చూసుకోమన్నారు, అంతే. పంచెకు గంజి పెట్టడం మానేశాడు, బియ్యపు దుమ్ము పడుతుంది కదా అన్నాడు. జేబులో ఉసిరి ముక్కల చోట కొట్టు తాళాలు వచ్చాయి. బువ్వ దగ్గర ఎవరైనా మధ్యలో అందుకున్నా చెయ్యెత్తి ఆపేవాడు కాదు. ఆయన ఆపనప్పుడు తెలిసింది, ఆపడం మాకు ఎంత అలవాటైందో.

ఆ తర్వాత కొద్దికాలానికే మా చర్చి గుళ్లో లాటిన్ పోయి తెలుగు వచ్చింది. పూజ అంతా తెలుగులో చదువుతుంటే జనం సంబరపడ్డారు. "ఇన్నేండ్లకు దేవునికి తెలుగొచ్చె" అంది మా అమ్మ. మా నాయన కూడా సంతోషించాడు, అది అబద్ధం కాదు. ఇంటికి వచ్చాక మాత్రం అరుగు మీద చాలాసేపు కూర్చుని, "ఇంగొక రెండేండ్లు ఓపిక పట్టింటే ఆ పిల్లోనికి ఆ పరీక్షే లేకపాయ కదమ్మా" అన్నాడు. ఆ మాట ఆయన నాతో అన్నాడో, గోడతో అన్నాడో తెలియదు. తన పని పోయిందని ఆయన ఒక్కనాడు అనలేదు. ఆ పిల్లవాడి బతుకు నేను పాడు చేశానని మాత్రం ఎన్నిసార్లు అన్నాడో లెక్కలేదు. "వానికి నా మీద కోపం ఉంటాది. ఉండల్ల కూడా" అనేవాడు. ఆళ్లగడ్డకు పోయి ఒకసారి చూసి రమ్మని మా అమ్మ పోరింది. "ఏ మొగం పెట్టుకుని పోదును? వాడే రావల్ల. వస్తాడు" అనేవాడు.

ఇన్నాసప్ప వెళ్లిపోయిన నాటినుంచి మా ఇంట్లో ఒక కొత్త కట్టడి మొదలైంది. అంతకుముందు వీధి తలుపుకు పగలు కూడా గడియ పెట్టేవాళ్లం, సందులో పందులు, మేకలు ఎక్కువ. మా నాయన ఇక గడియ పెట్టొద్దన్నాడు. దగ్గరికి వేసి వదిలేయాలి, అంతే. "ఇన్నాసు తలుపు కొట్టే రకం కాదు. పిలిచే రకమూ కాదు. తోస్తే తెరుచుకోవల్ల" అన్నాడు. ఆ తలుపుకు ఎదురుగా నులకమంచం వాల్చుకుని మధ్యాహ్నాలు పడుకునేవాడు. మేకలు తోసుకుని లోపలికొచ్చాయి. ఒకటి మా అమ్మ ఆరబెట్టిన వడియాలన్నీ తినేసి, నీళ్లకుండలో మూతి పెట్టింది. మా అమ్మ రంకెలు వేసింది. ఆ ఒక్కసారి మాత్రం మా నాయన చాలా నాళ్ల తర్వాత లాటిన్ మాట్లాడాడు. 'పోర్తామ్ నేమో క్లౌదిత్' అన్నాడు. తలుపును ఎవరూ మూయరు. అప్పటినుంచి అది మా ఇంటి మాటయింది. పక్కింటివాళ్లు కుక్కలొస్తాయని మందలిస్తే మా అమ్మ కూడా, "పోర్తామ్ నేమో అంట, ఏం చేద్దుమమ్మా" అనేది. మా నాయన బతికి ఉన్నన్నాళ్లూ ఆ తలుపుకు పగలు గడియ పడలేదు. ఆయన్ను మట్టి చేసి వచ్చిన రోజు ఇల్లంతా జనం. వచ్చినవాళ్లలో నేను ఒక్క ముఖం కోసం వెతికాను. లేదు. జనం పోయాక మా అమ్మ అలవాటు కొద్దీ తలుపు దగ్గరికి వేసి, గడియ పెట్టకుండానే వచ్చి పడుకుంది. నేను లేచి పెట్టాను.

బస్సులో ఇవన్నీ గుర్తుకొస్తుంటే, ఎడమవైపు కిటికీలోంచి నల్లమల కనబడుతూనే ఉంది. పక్క సీట్లో ఒక అమ్మాయి ఫోనులో ఏదో రాసుకుంటోంది. ఒక మాట కొట్టగానే తర్వాతి మాటను ఫోనే అందిస్తోంది, ఆ అమ్మాయి వద్దనకుండా తీసుకుంటోంది. నా ఫోనూ అంతే చేస్తుంది. ఇంట్లోనూ అంతే, నేను ఒక మాట మొదలుపెడితే నా కూతురు దాన్ని పూర్తి చేసి, నేను అనుకోని దానికి జవాబు కూడా చెప్పేస్తుంది. ఇప్పుడు అందరికీ అన్నీ ముందే తెలుసు. మా నాయన ఉండి ఉంటే ఎన్నిసార్లు చెయ్యెత్తేవాడో.

ఆళ్లగడ్డలో దిగితే దారి పొడవునా రాతి విగ్రహాలు, రాయి కోసే మిషన్ల రొద. మార్తమ్మ వదిన రోడ్డు దాకా ఎదురొచ్చింది. గట్టి మనిషి. మనసులో మాట కడుపులో ఉంచుకునే రకం కాదని రెండడుగులు వేయకముందే తెలిసింది. "ఒక మాట చెప్తా, ఏమనుకోవద్దు వదినా. మా పెండ్లికి సారు వస్తాడని ఈయప్ప ఆ పొద్దంతా దోవ చూసినాడు అనుకుంటాండా. మీరెవురూ రాకపోతిరి. నాకు శానా దినాలు మీ మీద కోపం" అంది. మాకు పెళ్లి కబురే తెలియదని నేను చెప్పాను. ఆమె నడక ఆపి నా వైపు చూసింది. "అదేంది? కార్డు తానే పోయి సారు చేతికి ఇచ్చొస్తినని చెప్పె కదా" అంది.

ఇన్నాసప్ప అన్న వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఆ పొడుగాటి మనిషి ఒక పక్కకు ఒరిగిపోయి ఉన్నాడు. కుడిచెయ్యి ఒళ్లో పడి ఉంది. రాతిదుమ్ము ఎన్నేళ్లు పట్టిందో, గోళ్ల అంచుల్లో ఇంకా తెల్లగానే ఉంది. నన్ను చూసి గుర్తుపట్టాడు, కళ్లలో నీళ్లు తిరిగాయి. "సారు" అన్నాడు. "సారు బిడ్డనే, రోజీని" అన్నాను. తల అడ్డంగా ఊపాడు, అది కాదన్నట్టు. మళ్లీ "సారు" అని, చాలా సేపటికి "పని" అన్నాడు. మార్తమ్మ వదిన అందుకుంది, "సారు ఏం పని చేస్తాండె అని అడుగుతాండాడు." కాదన్నాడు. "సారు పని మీద వచ్చిందా అంటాండావా?" కాదన్నాడు. ఆమె అడిగే కొద్దీ అతని ముఖం ఎర్రబడుతోంది. రోజూ ఇదే వరస అయి ఉంటుంది, ఆమె తప్పు కూడా లేదు, సాయం చేస్తున్నాననే అనుకుంటోంది.

అప్పుడు చూశాను అతని ఎడమచేతిని. మోకాలి మీద పెట్టుకున్న ఆ చేతిలో రెండు వేళ్లు మడిచి ఉన్నాయి. ఆమె మధ్యలో అందుకోగానే అవి విప్పేసి, మళ్లీ మొదటినుంచి మడుస్తున్నాడు. "వదినా, ఆగు. ఏం అడగొద్దు. ఆయన పిడికిలి విప్పేదాకా మనం మాట్లాడొద్దు" అన్నాను. ఆమెకు అర్థం కాలేదు, అయినా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అరుగు మీద కూర్చుంది.

"సారు" అన్నాడు. ఒక వేలు. దూరంగా రాయి కోసే మిషను ఆగి మళ్లీ మొదలైంది. "పని." ఇంకో వేలు. "నా... నా వల్ల." మూడో వేలు. పెదవులు ఎంతసేపు కదిలాయో. "పాయ." చెయ్యి విప్పాడు.

సారు పని నా వల్ల పోయింది. ఇన్నేళ్లు ఈ మనిషి మోసింది ఇదా అనిపించింది. మా నాయన తన వల్ల పిల్లవాడి బతుకు పోయిందని అరుగు మీద కుమిలితే, ఈయన ఆ రోజు 'సారు' అని పేరు చెప్పినందుకు ఇక్కడ రాళ్లు రుద్దుకుంటూ కుమిలాడు. రెండు ఊళ్ల మధ్య ఉన్నది ఒక్క బస్సు దూరమే. "లేదన్నా, నాయనకు నీ మీద కోపమే లేదు. నీకే తన మీద కోపమని పోయేదాకా బాధపడినాడు" అన్నాను. అతను వినలేదు, అతను చెప్పేది ఇంకా అయిపోలేదు. మళ్లీ వేళ్లు మడుస్తున్నాడు. "కార్డు... తీసుకోని... మీ ఇంటికి... వస్తి." విప్పాడు. మార్తమ్మ వదిన కొంగు జారిపోయింది. "తలుపు" అన్నాడు. చాలాసేపు ఆగాడు. "దగ్గరికి... ఏసిండె. కొట్టల్యాక..." ఆ చివరి మాట కోసం మేమిద్దరం ఎంతసేపు కూర్చున్నామో నాకు తెలియదు. "వచ్చేస్తి" అన్నాడు.

నాకు ఆ సందు, ఆ తలుపు కళ్ల ముందు కనబడ్డాయి. వీధి వైపు ఇతను, చేతిలో పెళ్లికార్డు. లోపల నులకమంచం మీద తలుపు వైపు తిరిగి మా నాయన. మధ్యన గడియ లేని చెక్క. మేకలకు తెలిసిన సంగతి ఇతనికి తెలియలేదు. నా జాడీలో దాచుకున్న కోపం ఏమైందో తెలియదు, దాని చోట అంతకంటే బరువైనదేదో వచ్చి కూర్చుంది. చెప్పకుండా ఉండలేకపోయాను. తెలుగులో చెప్పలేననిపించి, మా ఇంటి మాటనే తీశాను.

"పోర్తామ్" అన్నాను.

అతని ముఖం మారిపోయింది. ఒక్క క్షణం వసారాలో గోనెపట్టా మీద కూర్చున్న ఆ పిల్లవాడు కనబడ్డాడు. తలుపును, అని అతనికి అర్థమైంది. మిగిలిన రెండు మాటలూ చెబితే సారు తన కోసం ఎదురు చూశాడని తెలుస్తుంది. ఆ రోజు వేలితో తోస్తే చాలునని కూడా తెలుస్తుంది. ఒకటి చెప్పి ఒకటి దాచుకునే వీలు ఆ వాక్యంలో లేదు. మొదటి మాట దగ్గరే ఆగిపోయాను. "ఏందది వదినా, ఏం చెప్తాండావు?" అని మార్తమ్మ వదిన అడిగింది. ఇన్నాసప్ప అన్న ఎడమచెయ్యి ఎత్తి ఆమెను ఆపాడు. ఆ చేతిని మళ్లీ మోకాలి మీద పెట్టుకుని, ఒక వేలు మడిచి, నా నోటి వైపు చూస్తూ కూర్చున్నాడు.